లాఠీ, సెల్‌ఫోన్, 1923 నాటి చట్టం

ఢిల్లీలో కూర్చుని చట్టాలను గురించి వ్రాసేవాడు ఏడాదికి ఒకసారైనా స్లీపరు బోగీలో దూరప్రయాణం చేయాలి. పార్లమెంటు గ్యాలరీలో విన్న సెక్షన్లు ప్లాట్‌ఫారం మీదికి చేరేసరికి ఏ ఆకారం దాలుస్తాయో అక్కడ గాని బోధపడదు. గత మాసంలో ఒక వివాహానికి విశాఖపట్నం వెళ్ళిన నేను తిరుగు ప్రయాణాన్ని ఖరగ్‌పూర్ మీదుగా పెట్టుకున్నాను. దారిలో ఒక స్టేషనులో బండి చాలాసేపు నిలిచిపోయింది. ఆ స్టేషను పేరు ఇక్కడ అనవసరం. జనరల్ బోగీ దగ్గర తోపులాట జరుగుతున్నది. ఖాకీ దుస్తుల్లో ఉన్న ఒక జవాను చేతికర్రతో ఒక కూలి మనిషి మోకాళ్ళపై రెండు దెబ్బలు వేశాడు. ఆ మనిషి చేసిన నేరమల్లా నెత్తిమీద మూటతో తలుపు దగ్గర అడ్డంగా నిలబడడమే.

పక్కనే ఉన్న ఇరవై ఏండ్ల కుర్రవాడొకడు సెల్‌ఫోన్ పైకెత్తాడు. జవాను కూలిని వదిలి అతనివైపు తిరిగాడు. రైల్వే స్టేషనులో ఫోటో తీయడం నేరమని, కేసు పెడితే చదువు, ఉద్యోగం రెండూ పోతాయని హిందీలో హెచ్చరించాడు. ఎదుటనే నిలబడి చెరిపించాడు. కుర్రవాడు తల వంచుకుని బోగీలోకి ఎక్కాడు. నా జేబులో కేంద్ర ప్రభుత్వం వారిచ్చిన విలేఖరి గుర్తింపు కార్డు ఉన్నది. 'ఏ చట్టం క్రింద?' అని అడగడానికి నాలుగు అక్షరాలు చాలు. నేను అడగలేదు. బండి కదిలింది.

మరునాడు ఖరగ్‌పూర్‌లో నాకు ఆతిథ్యమిచ్చిన పెద్దాయనకు ఈ ఉదంతం చెప్పాను. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. వారి తండ్రి బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. గోల్ బజారులో తెలుగు మాటలు వినబడని క్షణముండదు. ఈ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపిన నాయకులలో ఒకరైన వి.వి. గిరి తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయినారన్న సంగతి ఇక్కడి పాతతరం వారు ఇంటి ముచ్చటలాగా చెప్పుకుంటారు. పెద్దాయన నా కథ ఆసాంతం విని, నేను అడగని ప్రశ్న తామే అడిగారు:

'ఇంతకీ ఆ జవాను చెప్పింది నిజమేనా బాబూ? అలాంటి సట్టం ఉందా?'

ఈ వారం లేఖ ఆయన ప్రశ్నకు సమాధానమే.

బహిరంగ స్థలంలో విధి నిర్వహణలో ఉన్న పోలీసు ఉద్యోగిని పౌరుడు చిత్రించరాదని నిషేధించే చట్టాన్ని పార్లమెంటు నేటివరకు చేయలేదు. చిత్రించే హక్కు పౌరునికి ఉన్నదని సూటిగా చెప్పే చట్టాన్ని కూడా చేయలేదు. ఈ రెండు లేమిల నడుమ ఉన్న ఖాళీ స్థలంలోనే జవాను గొంతు అంత గట్టిగా మ్రోగుతున్నది. అతడు మనసులో పెట్టుకున్నది బహుశా 1923 నాటి అధికార రహస్యాల చట్టమై ఉంటుంది. శత్రుదేశపు గూఢచారులను దృష్టిలో పెట్టుకుని బ్రిటిష్ ప్రభుత్వం చేసిన చట్టమది. స్వాతంత్ర్యానంతరం 1967లో సవరించి మరింత పదును పెట్టారు. ఆ చట్టంలో 'స్కెచ్' అనే మాటకు ఫోటో కూడా వస్తుంది. 'నిషిద్ధ ప్రదేశాన్ని' దేశ భద్రతకు భంగకరమైన ఉద్దేశంతో చిత్రించినవారికి మూడేండ్ల వరకు, రక్షణ స్థావరాల విషయంలో పద్నాలుగేండ్ల వరకు శిక్ష పడవచ్చు.

అయితే నిషిద్ధ ప్రదేశమంటే ఏమిటి? రెండవ సెక్షను ఎనిమిదవ ఉపనిబంధనలో దీనికి దీర్ఘమైన నిర్వచనమున్నది. సైనిక, నౌకా, వైమానిక స్థావరాలు వాటంతటవే ఆ కోవలోకి వస్తాయి. ఖరగ్‌పూర్ పొరుగుననే ఉన్న కలైకుండ వైమానిక స్థావరం ముందు ఫోను పైకెత్తిన వానిని ఎవరైనా పట్టుకుంటే ఆక్షేపించలేము. రైల్వేల సంగతి వేరు. రైలు మార్గం గాని, దానికి సంబంధించిన కట్టడం గాని నిషిద్ధ ప్రదేశం కావాలంటే, శత్రువుకు ఉపయోగపడగలదన్న కారణంపై కేంద్ర ప్రభుత్వం గెజెటులో ప్రకటించాలి. అంతటితో సరిపోదు. ఆ ప్రకటన ప్రతిని ఇంగ్లీషులోను, ఆ ప్రాంతపు స్థానిక భాషలోను అక్కడ అంటించి ఉంచాలి.

ఇది చదివి వినిపించగానే పెద్దాయన పకపకా నవ్వారు. 'అయితే ఈ ఊళ్ళో తెలుగులో కూడా అంటించాలన్నమాట!' అన్నారు. ఆ మాటలో హాస్యమే కాదు, న్యాయమూ ఉన్నది. ఖరగ్‌పూర్‌లో స్థానిక భాష ఏది? రాష్ట్ర భాష బెంగాలీ. రైల్వే కాలనీలలో హిందీ, తెలుగు, ఒడియా కలగలిసి ఉంటాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తినివ్వాలని నిర్ణయించినప్పుడు దృష్టిలో ఉన్నది ప్రధానంగా ఈ పట్టణమే. ఆ సాయంత్రం 1,072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం మీద నేను నడిచాను. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పాఠ్యపుస్తకాలకెక్కిన ప్లాట్‌ఫారమది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని దాటిపోయాయి. నేను నడిచినంత మేర అపరిచితుల వద్ద తినుబండారాలు పుచ్చుకోవద్దన్న హెచ్చరికలు కనిపించాయి గాని, శత్రువును గురించిన ప్రకటన ఏ భాషలోనూ కంటబడలేదు.

పోలీసు స్టేషను మాటేమిటి? మహారాష్ట్రలోని వర్ధాలో ఒక వ్యక్తి పొరుగువారితో తగవు విషయమై పోలీసు స్టేషనుకు వెళ్ళి, అక్కడ జరుగుతున్న సంభాషణను ఫోనులో చిత్రించాడు. 2018లో ఆయనపై ఈ అధికార రహస్యాల చట్టం క్రిందనే కేసు పెట్టారు. 2022 జూలైలో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం ఆ కేసును కొట్టివేసింది. నిషిద్ధ ప్రదేశాల నిర్వచనం సమగ్రమైనదని, అందులో పోలీసు స్టేషను లేదని స్పష్టం చేసింది. ఆ తీర్పు వచ్చిన రెండేండ్లకు, 2024లో, అదే హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం మరొక కేసులో ఇదే మాటను మళ్ళీ చెప్పవలసి వచ్చింది! ఒక రాష్ట్రంలో హైకోర్టు చెప్పిన మాట ఆ రాష్ట్రంలోని స్టేషన్లకే చేరనప్పుడు, బెంగాల్‌కో ఆంధ్రకో ఎప్పటికి చేరుతుంది? పైగా బొంబాయి తీర్పు ఇక్కడి న్యాయమూర్తులకు మార్గదర్శకమే గాని శిరోధార్యం కాదు.

అధికార రహస్యాలు కుదరకపోతే మరొక ఆయుధమున్నది. అది విధులకు ఆటంకం కలిగించడం. పాత శిక్షాస్మృతిలో 186, 353 సెక్షన్లుగా మనకు చిరపరిచితమైనవి, 2024 జూలై 1 నుంచి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 221, 132 సెక్షన్లయినాయి. మొదటిదానికి ఆటంకం ఉండాలి. రెండవదానికి దౌర్జన్యం లేక బలప్రయోగం ఉండాలి. పది అడుగుల దూరంలో మౌనంగా నిలబడి ఫోను పట్టుకున్నవాడు ఏ బలాన్ని ప్రయోగించినట్లు? కాని ఈ వాదన కోర్టులో వినిపించేలోగా రాత్రి లాకప్‌లో గడిచిపోతుంది.

చిత్రమేమిటంటే, అదే తేదీన అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షను, పోలీసులు సోదాలు జరిపి వస్తువులను స్వాధీనం చేసుకునేటప్పుడు ఆ తతంగమంతా దృశ్య శ్రవణ రూపంలో నమోదు చేయాలని శాసిస్తున్నది. వీలైనంత వరకు మొబైల్ ఫోనుతోనే చేయాలని కూడా అంటున్నది! ప్రభుత్వం చేతిలో సాక్ష్య సాధనమైన వస్తువు పౌరుని చేతిలో నేర సాధనమెట్లా అవుతుందో నాకు అర్థం కాలేదు. హైదరాబాదులో 2021 లాక్‌డౌన్ కాలంలో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు వీధిలో ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన నిరాకరించినా ఫోటో తీసుకున్నారు. ఆయన హైకోర్టు తలుపు తట్టవలసి వచ్చింది. వీధిలో ముఖాన్ని చిత్రించే అధికారం ఒకవైపునకే ఉండాలన్నది ఏ స్మృతి?

మరునాటి ఉదయం పెద్దాయన నన్ను హిజ్లీకి తీసుకువెళ్ళారు. 1951లో మన దేశపు మొట్టమొదటి ఐ.ఐ.టి. ప్రారంభమైనది ఒక పాత జైలు భవనంలోనన్న విషయం పాఠకులలో చాలామందికి తెలిసే ఉంటుంది. విచారణ లేకుండా నిర్బంధించిన రాజకీయ ఖైదీలను ఆంగ్ల ప్రభుత్వం ఈ శిబిరంలో ఉంచేది. 1931 సెప్టెంబరు 16 రాత్రి కాపలా పోలీసులు నిరాయుధులైన ఆ నిర్బంధితులపై కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు మరణించారు. నిర్బంధితులే కాపలావారిపై దాడి చేశారన్నది తొలుత అధికార వర్గాలు చెప్పిన కథనం. మృతదేహాలను స్వీకరించడానికి సుభాస్ చంద్ర బోసు స్వయంగా వచ్చారు. ఆ నెలలోనే కలకత్తాలో జరిగిన నిరసన సభకు వయోవృద్ధుడైన రవీంద్రనాథ్ టాగూర్ అధ్యక్షత వహించారు. చివరకు ప్రభుత్వమే నియమించిన విచారణ సంఘం ఆ కాల్పులు సమర్థనీయం కావని తేల్చింది. బోసు, టాగూర్ వంటివారు కదలి వస్తే గాని ఇద్దరు మృతుల విషయంలో నిజం బయటపడలేదన్నమాట. మూట నెత్తిన పెట్టుకున్న కూలి కోసం ఎవరు కదలి వస్తారు?

ఆ భవనం ముందు నిలబడినప్పుడు నాకు వేలమైళ్ళ దూరంలోని మరొక అధికార ప్రకటన జ్ఞాపకం వచ్చింది. 2020 మే నెలలో అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో జార్జి ఫ్లాయిడ్ మరణించినప్పుడు, పోలీసు శాఖ విడుదల చేసిన మొదటి ప్రకటన దానిని కేవలం ఒక వైద్యపరమైన సంఘటనగా వర్ణించింది. మెడపై మోకాలు సంగతి అందులో లేదు. దారిన పోతున్న పదిహేడేండ్ల బాలిక ఒకతె ఫోనులో తీసిన దృశ్యం ఆ ప్రకటనను ఒక్క పూటలో వమ్ము చేసింది. మరుసటి సంవత్సరం పులిట్జర్ సంఘం ఆమెకు ప్రత్యేక ప్రశంసనిచ్చింది. మా వృత్తిలోని మహామహులు ఆశించే గౌరవమది.

అమెరికా దాకా పోనక్కరలేదు. 2020 మే 16న విశాఖపట్నం రోడ్డు మీద జరిగినది తెలుగు పాఠకులు మరచిపోయి ఉండరు. నర్సీపట్నం ఆసుపత్రిలో మత్తు వైద్యుడైన డాక్టర్ సుధాకర్, కరోనా కాలంలో వైద్యులకు మాస్కులు చాలడం లేదని బహిరంగంగా చెప్పి సస్పెండయినారు. ఆనాడు ఆయనను చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచికట్టి పోలీసులు తీసుకుపోతున్న దృశ్యం అటుగా వెళ్ళేవారి ఫోన్లలోకి ఎక్కింది. మద్యం సేవించి అల్లరి చేశారన్నది పోలీసుల వివరణ. లాఠీతో కొట్టిన కానిస్టేబుల్‌ను సస్పెండు చేశారు. ఆ వీడియోను జతపరచి మాజీ శాసనసభ్యురాలు వంగలపూడి అనిత హైకోర్టుకు లేఖ వ్రాశారు. హైకోర్టు దానినే రిట్ పిటిషనుగా స్వీకరించి, మేజిస్ట్రేటును పంపి వైద్యుని వాంగ్మూలం నమోదు చేయించింది. మేజిస్ట్రేటు గమనించిన గాయాలకు, ప్రభుత్వ నివేదికలోని గాయాలకు పొంతన కుదరలేదు. మే 22న సి.బి.ఐ. దర్యాప్తునకు ఆదేశాలు వెలువడ్డాయి. ఆయన మానసిక స్థితిని గురించి, మద్యాన్ని గురించి ఎన్ని వాదాలున్నా, రోడ్డు మీద నేరుగా కనిపించినదానిని ఎవరూ కాదనలేకపోయారు. 2021 మే 21న డాక్టర్ సుధాకర్ గుండెపోటుతో కన్నుమూశారు.

ఆ వీడియోను న్యాయస్థానానికి చేర్చిన అనిత 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హోం మంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు. ఇది నేను వ్యంగ్యంగా వ్రాయడం లేదు. ఏమి చేయవచ్చునో చెప్పడానికే వ్రాస్తున్నాను. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో పోలీసు అన్నది రాష్ట్రాల జాబితాలోని అంశం. రైల్వే పోలీసు కూడా అందులోనిదేనని ఆ పద్దులో విస్పష్టంగా ఉన్నది. కేంద్ర శాఖ క్రింద పనిచేసే రైల్వే రక్షణ దళం 1957 నాటి ప్రత్యేక చట్టంతో నడుస్తుంది గాని, నేరాలు నమోదు చేసే రైల్వే పోలీసులు రాష్ట్రాలవారే. కనుక విశాఖలో బండి ఎక్కి ఖరగ్‌పూర్‌లో దిగే ప్రయాణికుడు ఒక్క బెర్తు మీద పడుకునే మూడు రాష్ట్రాల పోలీసుల ఆధీనంలో ప్రయాణిస్తాడు. ఇచ్ఛాపురం దాటిన తర్వాత తన హక్కు మారిపోయిందా అన్నది అతనికి ఏ కండక్టరూ చెప్పడు.

హక్కు నిజంగా మారిపోయే రాష్ట్రం ఒకటున్నది. అది కేరళ. 2011 నాటి కేరళ పోలీసు చట్టంలో 33వ సెక్షను మొదటి భాగం, పోలీసులు తమ చర్యలను దృశ్యరూపంలో నమోదు చేసుకోవచ్చునంటుంది. రెండవ భాగం అదే పనిని పౌరుడు చట్టబద్ధంగా చేస్తుంటే ఏ పోలీసు అధికారీ అడ్డగించరాదంటుంది. పోలీసుకున్న కెమెరాకు, ప్రజలకున్న కెమెరాకు ఒకే సెక్షనులో చోటిచ్చిన ఆ శాసనకర్తల ఇంగితం మెచ్చదగినది. ఆ రెండు వాక్యాలు ఆంధ్ర, తెలంగాణ, బెంగాల్ శాసనసభలలో ఏ ఒక్కటి ఆమోదించినా అక్కడి ఖజానాకు కాణీ ఖర్చు లేదు.

నిజానికి దీనికి బీజం బెంగాల్‌లోనే పడింది. 1986 ఆగస్టులో పశ్చిమ బెంగాల్ న్యాయ సహాయ సేవా సంస్థ అధ్యక్షుడు డి.కె. బసు, లాకప్ మరణాలను గురించి పత్రికలలో వచ్చిన వార్తలను జతపరచి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ వ్రాశారు. పదేండ్ల తర్వాత, 1996 డిసెంబరు 18న తీర్పు వచ్చింది. అందులోని పదకొండు ఆదేశాలలో మొదటిది: అరెస్టు చేసే పోలీసు ఉద్యోగి తన పేరు, హోదా స్పష్టంగా కనిపించే పట్టీ ధరించాలి. కనిపించాలన్నది ఎవరికి? పౌరునికే గదా. ఆ పేరును చూచి పెన్సిలుతో వ్రాసుకోవడం నేరం కానప్పుడు ఫోనుతో నమోదు చేసుకోవడం మాత్రం ఎందుకు నేరమవుతుంది?

ఇక్కడ పెద్దాయన నాకు అడ్డు తగిలారు. వారి మేనల్లుడు ఆంధ్రలో కానిస్టేబుల్. జాతరలో ఒక ముసలామెను తోసివేస్తున్నట్లుగా ఇరవై సెకండ్ల వీడియో ఊరంతా తిరిగింది. వెనుకనుంచి బస్సు వస్తున్న భాగాన్ని ఎవరో కత్తిరించివేశారు. 'నెల్లాళ్ళు ఆడు బయటికి రానేదు బాబూ. ఆడి కూతుర్ని బడిలో ఏడిపించారు. ఆడి గోడు ఎవడు రాస్తాడు?' అన్నారు. దీనికి నా దగ్గర తక్షణ సమాధానం లేదు. చిత్రించడం వేరు, కత్తిరించి ఊరిమీదికి వదలడం వేరు అని మాత్రం అన్నాను. మొదటిది సాక్షి చేసే పని, రెండవది తీర్పరి చేసే పని. అత్యాచార బాధితురాలినో, బాలుడినో గుర్తుపట్టేలా ప్రచురించడం ఎటూ నేరమే. ఆ మేనల్లునికి మేలు చేయగలిగినది కూడా మొత్తం వీడియోయే. కోర్టు కోరేది కూడా అదే. సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతపరచాలి. చేతులు మారి వచ్చిన ముక్కకు ఆ ధ్రువపత్రం ఎవరిస్తారు? తీసిన ఫోను, తీసిన మనిషి దొరకాలి. కేసులు పెడతామని బెదిరించినంతకాలం ఆ మనిషి ముందుకు రాడు. పేరులేని ముక్కలే ఊరేగుతాయి.

ప్రభుత్వ కెమెరాలున్నవి గదా, పౌరుని కెమెరా ఎందుకని ఢిల్లీలో ఒక అధికారి నన్ను లోగడ ప్రశ్నించారు. ప్రతి పోలీసు స్టేషనులోను రాత్రిపూట కూడా పనిచేసే, శబ్దం కూడా నమోదు చేసే కెమెరాలుండాలని, ఆ దృశ్యాలను 18 మాసాలు భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఆదేశించిన మాట నిజమే. 2024 సెప్టెంబరులో భువనేశ్వర్‌లోని భరత్‌పూర్ స్టేషనులో ఒక సైనికాధికారిపైన, ఆయనకు కాబోయే భార్యపైన దౌర్జన్యం జరిగిందన్న ఆరోపణ వచ్చినప్పుడు, ఆ స్టేషనులో కెమెరాయే లేదని తేలింది. 2025 సెప్టెంబరు 4న సుప్రీంకోర్టు పనిచేయని కెమెరాల విషయమై తనంతట తానే మళ్ళీ కేసు చేపట్టింది. అయిదేండ్లలో తన ఆదేశం అమలు కాలేదని న్యాయస్థానమే ఒప్పుకున్నట్లయింది.

రాత్రి బండికి పెద్దాయన, వారి మనుమరాలు నన్ను సాగనంపడానికి స్టేషనుకు వచ్చారు. ఆ అమ్మాయి కాలేజీలో చదువుతున్నది. నా కథ తాతగారి ద్వారా విన్నదట. 'అంకుల్, డిలీట్ చేసినా చాలా ఫోన్లలో నెలరోజులు వేరే ఫోల్డరులో ఉంటుంది. ఆ అబ్బాయికి తెలుసో లేదో!' అన్నది. పైగా సాక్ష్యంగా పనికివచ్చే ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు దక్కకుండా నాశనం చేయడం న్యాయ సంహిత 241వ సెక్షను క్రింద నేరమని నేను తాతగారికి చెప్పాను. ఆయన తల పంకించి, ఆ కుర్రవాడు ఎక్కడివాడని అడిగారు.

జరిగిన రోజు నుంచి లెక్కపెడితే ఇంకా ఇరవై ఎనిమిది రోజుల గడువున్నది. ఆ కుర్రవాని పేరు గాని, ఊరు గాని నేను అడిగి తెలుసుకోలేదు.